సగటులో కలిసిపోయిన సిగ్నల్

ఢిల్లీలోని టెలికాం పటం ప్రకారం గరాచర్మలో సెల్‌ఫోన్ వాడేవాళ్లంతా పశ్చిమబెంగాల్ వాసులే. అండమాన్‌లో పోర్ట్‌బ్లెయిర్‌ను (2024 సెప్టెంబర్ నుంచి శ్రీవిజయపురం) ఆనుకుని ఉన్న ఈ పట్టణానికీ బెంగాల్ తీరానికీ మధ్య వెయ్యి కిలోమీటర్లకు పైగా సముద్రం ఉంది. అయినా టెలికాం లైసెన్సుల కోసం దేశాన్ని విడగొట్టిన 22 సర్కిళ్లలో అండమాన్ నికోబార్ దీవులకు ప్రత్యేకంగా చోటు దక్కలేదు. వాటిని పశ్చిమబెంగాల్ సర్కిల్‌లో కలిపేశారు. హిమాలయాల ఒడిలోని సిక్కిం కూడా అందులోనే ఉంది. విచిత్రమేమంటే కోల్‌కతా నగరం మాత్రం అందులో లేదు. దానిది వేరే సర్కిల్.

మంచుకొండల మీది టవర్లు, నికోబార్ కొబ్బరి తోటల నడుమ నిలిచిన టవర్లు ఒకే మార్కుల జాబితాలోకి వస్తాయన్న మాట. ఆ మార్కులు వేసేది భారత టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ, అంటే ట్రాయ్. రీచార్జి ధర పెరిగినా, కాల్ మధ్యలో తెగినా, టీవీ చానళ్ల బిల్లు వాచినా జనం తలచుకునే పేరు అదే. కానీ ఆ సంస్థ ఏం చేయగలదు, ఏం చేయలేదు అన్నది ఫోన్ చేతిలో పట్టుకున్న వారిలో చాలామందికి తెలియదు. ఈ తేడా బాగా అర్థం కావాలంటే హైదరాబాద్ నుంచో ఢిల్లీ నుంచో కాక గరాచర్మ నుంచి చూడాలి. నగరంలో ఒక కంపెనీ సిగ్నల్ అందకపోతే మరో కంపెనీ ఉంటుంది. దీవిలో నియంత్రణ సంస్థ పనితీరు నేరుగా ఫోన్ తెర మీద కనిపిస్తుంది.

తెలుగువారికి ఇది దూరపు సంగతి కూడా కాదు. 2011 జనగణన ప్రకారం ఈ దీవుల్లో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగు. వీరిలో చాలా కుటుంబాల మూలాలు శ్రీకాకుళం, విశాఖపట్నం వంటి ఉత్తరాంధ్ర జిల్లాల్లో ఉన్నాయి. విశాఖ నుంచి ఓడెక్కితే పోర్ట్‌బ్లెయిర్ చేరడానికి రెండు రోజులకు పైనే పడుతుంది. అలాంటి చోట పెళ్లి కబురైనా చావు కబురైనా ముందు చేరేది ఫోన్‌లోనే.

ట్రాయ్ పుట్టుకే ఒక తగాదాలోంచి జరిగింది. 1994లో జాతీయ టెలికాం విధానం ప్రైవేటు కంపెనీలకు తలుపులు తెరిచింది. 1995 జూలై 31న నాటి పశ్చిమబెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కోల్‌కతా నుంచి కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌కు చేసిన కాల్‌తో దేశంలో సెల్‌ఫోన్ యుగం మొదలైంది. అయితే అప్పటికి టెలికాం శాఖదే సర్వాధికారం. విధానం రాసేది అదే, లైసెన్సులు ఇచ్చేది అదే, దేశంలో చాలాచోట్ల ఫోన్లు నడిపేదీ అదే. ఆటగాడే తీర్పరి అయితే తమకు న్యాయం ఎక్కడ జరుగుతుందని కొత్త కంపెనీలు వాదించాయి. దాంతో 1997లో పార్లమెంటు చట్టం చేసింది. ఆ ఏడాది ఫిబ్రవరి 20న ట్రాయ్ ఏర్పడింది. జస్టిస్ ఎస్.ఎస్.సోధీ తొలి చైర్మన్.

మొదటి మూడేళ్లు కోర్టుల చుట్టూనే తిరిగాయి. లైసెన్సులిచ్చే హోదాలో ఉన్న ప్రభుత్వాన్ని ఆదేశించే అధికారం ట్రాయ్‌కు లేదని 1998లో ఢిల్లీ హైకోర్టు తేల్చింది. సెల్‌ఫోన్‌కు వచ్చే కాల్‌కు కూడా చందాదారుడే డబ్బు కట్టే రోజులవి. ఫోన్ చేసినవారే చెల్లించాలంటూ ట్రాయ్ తెచ్చిన పద్ధతినీ 2000 జనవరిలో కోర్టు కొట్టేసింది. అదే నెలలో కేంద్రం ఆర్డినెన్సు తెచ్చి సంస్థను తిరగరాసింది. వివాదాలు తేల్చే పనిని ట్రాయ్ నుంచి తీసి, టీడీశాట్ అనే కొత్త అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు అప్పగించింది. ఆ ట్రిబ్యునల్ తీర్పు నచ్చకపోతే వెళ్లాల్సింది సుప్రీంకోర్టుకే. అదే ఏడాది అక్టోబర్ 1న టెలికాం శాఖలోని ఫోన్లు నడిపే భాగాన్ని విడదీసి బీఎస్ఎన్ఎల్‌ను ఏర్పాటు చేశారు. ఇన్‌కమింగ్ కాల్ ఉచితం కావడానికి మాత్రం 2003 మే దాకా ఆగాల్సి వచ్చింది.

నేటికీ ట్రాయ్ స్వరూపం దాదాపు 2000 నాటిదే. ఒక చైర్మన్, ఇద్దరికి మించని పూర్తికాలపు సభ్యులు, ఇద్దరికి మించని తాత్కాలిక సభ్యులు ఉంటారు. వీరిని కేంద్ర ప్రభుత్వం నియమిస్తుంది. మూడేళ్లు పూర్తయ్యేదాకా లేదా 65 ఏళ్లు నిండేదాకా, ఏది ముందైతే అంతవరకు పదవిలో ఉంటారు. కార్యదర్శి ఆధ్వర్యంలోని సచివాలయంలో స్పెక్ట్రం, లైసెన్సింగ్, సేవల నాణ్యత, చార్జీలు, ప్రసారాలు, వినియోగదారుల వ్యవహారాలు, న్యాయం వంటి విభాగాలుంటాయి. కేబుల్, డీటీహెచ్ సేవలు 2004 జనవరిలో ట్రాయ్ పరిధిలోకి వచ్చాయి. గరాచర్మ ఇంట్లో తెలుగు చానల్ వస్తోందంటే దాని ధర ఏ పద్ధతిలో ప్రకటించాలో చెప్పేది కూడా ఈ సంస్థే.

చట్టంలోని 11వ సెక్షన్ ట్రాయ్ పనిని రెండు గంపల్లో సర్దింది. మొదటి గంపలో సిఫార్సులు. కొత్త కంపెనీలను ఎప్పుడు రానివ్వాలి, లైసెన్సు షరతులేమిటి, స్పెక్ట్రం వేలంలో కనీస ధర ఎంత వంటివి ఇందులోకి వస్తాయి. వీటిలో చివరి మాట ప్రభుత్వానిదే. కాకపోతే కొత్త లైసెన్సుల అవసరం, వాటి షరతుల విషయంలో ట్రాయ్‌ను అడగకుండా ముందుకు పోవడానికి వీల్లేదు. సిఫార్సు నచ్చకపోతే తిరిగి దానికే పంపి సమాధానం తెప్పించుకోవాలి. రెండో గంపలో సొంత అధికారాలు ఉన్నాయి. చార్జీలు, కంపెనీల మధ్య ఇచ్చిపుచ్చుకునే కాల్ రుసుము, సేవల నాణ్యత ప్రమాణాలు ఇందులో ఉంటాయి. ఈ విషయాల్లో ట్రాయ్ మాట కంపెనీలకు ఆదేశం. కాదంటే టీడీశాట్‌కో, నిబంధనలనే సవాలు చేయాలనుకుంటే హైకోర్టుకో వెళ్లాలి.

ఏ గంపలోని పనికైనా ట్రాయ్ దారి ఒక్కటే. ముందు చర్చాపత్రం విడుదల చేస్తుంది. దాని మీద ఎవరైనా అభిప్రాయం రాయవచ్చు. వచ్చిన అభిప్రాయాలను అందరి ముందూ ఉంచి, వాటి మీద ప్రతివాదనలు తీసుకుంటుంది. ఆ తర్వాత బహిరంగ చర్చ పెడుతుంది. పారదర్శకంగా ఉండాలన్నది చట్టమే పెట్టిన షరతు. మన దేశంలో ఇంత తెరిచిన తలుపులతో పనిచేసే సర్కారీ సంస్థలు తక్కువ. కానీ ఆ తలుపులోంచి లాయర్ల దండుతో కంపెనీలు వచ్చినంత సులువుగా గరాచర్మ చందాదారుడు రాలేడు.

సిఫార్సు బలమెంతో, బలహీనత ఎంతో అండమాన్‌కు స్వయంగా తెలిసొచ్చింది. 2004 డిసెంబర్ 26న సునామీ విరుచుకుపడ్డప్పుడు దీవుల్లో ఫోన్లు మూగబోయాయి. ఆ సమయంలో హామ్ రేడియో ప్రయోగాల కోసం హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున వచ్చిన భారతీ ప్రసాద్ బృందం పోర్ట్‌బ్లెయిర్‌లో ఉంది. కొన్ని రోజులపాటు బాధితుల క్షేమ సమాచారం ఆ చిన్న రేడియోల మీదుగానే ప్రధాన భూభాగానికి చేరింది. హామ్ రేడియోకు అనుమతి ఇచ్చేది కూడా ట్రాయ్ కాదు, టెలికాం శాఖలోని వైర్‌లెస్ విభాగం. రేడియో తరంగాల కేటాయింపు మొత్తం ఆ శాఖ చేతిలోనే ఉంది. ఆపదలో ఆదుకున్న ఆ తరంగాలు ఒక పాఠం కూడా నేర్పాయి. దీవులను దేశంతో కలిపే దారి బలంగా లేకపోతే ఎన్ని టవర్లున్నా వృథాయే.

ఆ దారి అప్పుడు ఆకాశంలో ఉండేది. దీవుల నుంచి వెళ్లే ప్రతి కాల్, ప్రతి ఈమెయిల్ ఉపగ్రహం ఎక్కి దిగాల్సిందే. 2016 నాటికి కూడా మొత్తం దీవులకు దక్కిన సామర్థ్యం ఒక గిగాబిట్‌కు పరిమితమని కేంద్రమే ఒప్పుకుంది. గరాచర్మలోనే కేంద్ర ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ ఉంది. శాస్త్రవేత్తలు, ఆస్పత్రులు, బ్యాంకులు, కాలేజీ పిల్లలు, పర్యాటకులు అందరూ ఆ ఒక్క సన్నని గొట్టంలోంచే నీళ్లు తోడుకోవాల్సి వచ్చేది. ఉపగ్రహ సామర్థ్యానికి ఖర్చు ఎక్కువ కావడంతో ప్రైవేటు కంపెనీలకూ పెద్దగా ఆసక్తి ఉండేది కాదు.

ట్రాయ్ 2014 జూలై 22న అండమాన్ నికోబార్, లక్షద్వీప్ దీవుల టెలికాం సేవల మెరుగుదలపై సిఫార్సులు ఇచ్చింది. చెన్నై నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు సముద్ర గర్భంలో ఆప్టికల్ ఫైబర్ కేబుల్ వేయాలన్నది వాటిలో కీలకం. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని సామెత. ఇక్కడ పూజారి అడిగిన వరం ఇవ్వడానికి దేవుడికి రెండేళ్లు పట్టింది. 2016 సెప్టెంబర్‌లో కేంద్ర మంత్రివర్గం రూ.1,102 కోట్ల అంచనాతో పథకాన్ని ఆమోదించింది. 2018 డిసెంబర్ 30న ప్రధాని నరేంద్ర మోదీ పోర్ట్‌బ్లెయిర్‌లో శంకుస్థాపన చేశారు. 2020 ఆగస్టు 10న కేబుల్‌ను ప్రారంభించారు. సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్‌కు రూ.1,224 కోట్లు ఖర్చయింది. చెన్నై, పోర్ట్‌బ్లెయిర్‌ల మధ్య సామర్థ్యం 400 గిగాబిట్లు అయింది. స్వరాజ్ ద్వీప్ (హేవ్‌లాక్), లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్ వంటి దీవులకూ కేబుల్ చేరింది.

ఈ కథలో ఎవరి పాత్ర ఏమిటో చూస్తే నియంత్రణ వ్యవస్థ అంతా అర్థమవుతుంది. అవసరాన్ని లెక్కగట్టి చెప్పింది ట్రాయ్. నిర్ణయం మంత్రివర్గానిది. సముద్రంలో పని నడిపించింది బీఎస్ఎన్ఎల్. డబ్బు వచ్చింది సార్వత్రిక సేవా నిధి నుంచి. కంపెనీలు తమ సర్దుబాటు చేసిన ఆదాయంలో 5 శాతం ఈ నిధికి కడతాయి. అంటే విజయవాడలో, వరంగల్‌లో రీచార్జి చేయించుకునే ప్రతి వ్యక్తి సొమ్ములో కొంత ఆ కేబుల్‌లో ఉంది. 2023 టెలికాం చట్టం తర్వాత ఆ నిధి పేరు డిజిటల్ భారత్ నిధిగా మారింది. ట్రాయ్ సిఫార్సుకూ గరాచర్మకు వెలుగు రావడానికీ మధ్య ఆరేళ్లు గడిచాయి. అదే సిఫార్సుల పత్రంలో ఉన్న లక్షద్వీప్‌కు కొచ్చి నుంచి కేబుల్ ప్రారంభమైంది 2024 జనవరి 3న. అంటే తొమ్మిదిన్నరేళ్లు. సిఫార్సు రాసినవారు అప్పటికి పదవుల్లో లేరు.

రెండో గంపలోని అధికారాల సంగతి వేరు. అక్కడ ట్రాయ్ చెయ్యి కొంత నేరుగా పనిచేసింది. కంపెనీల మధ్య కాల్ రుసుము 2009లో 20 పైసలు, 2015లో 14 పైసలు, 2017 అక్టోబర్‌లో 6 పైసలు, 2021 జనవరి నుంచి సున్నా. 2006 మార్చిలో బీఎస్ఎన్ఎల్ తెచ్చిన 'వన్ ఇండియా' పథకం దేశంలో ఎక్కడికైనా నిమిషానికి రూపాయి అనేసరికి జనం పండగ చేసుకున్నారు. అదే రోజుల్లో శ్రీకాకుళం సిమ్‌తో పోర్ట్‌బ్లెయిర్‌లో దిగితే వచ్చే కాల్‌కూ రోమింగ్ చార్జీ పడేది. 2015 మే నుంచి ఆ ఇన్‌కమింగ్ గరిష్ఠ ధరను ట్రాయ్ 75 పైసల నుంచి 45 పైసలకు తగ్గించింది. సర్కిల్ దాటినా నంబర్ మార్చుకోనక్కర్లేని సౌకర్యం 2015 జూలైలో వచ్చింది. ఊరు విడిచి దీవికి వలస వచ్చిన వారికి ఇది చిన్న మేలు కాదు. పాత నంబర్ అంటే ఊళ్లో అందరి దగ్గరా ఉన్న చిరునామా.

ధరల మీద మాత్రం ట్రాయ్ చాలాకాలంగా చేతులు కట్టుకునే ఉంది. పోటీ ఉన్నచోట మార్కెట్టే ధర తేలుస్తుందన్న సిద్ధాంతంతో మొబైల్ చార్జీలను కంపెనీలకే వదిలేసింది. అవి ధర ప్రకటించాక ట్రాయ్‌కు తెలియజేస్తే సరిపోతుంది. 2024 జూలైలో ప్రైవేటు కంపెనీలన్నీ ఒకేసారి రీచార్జి ధరలు పెంచినప్పుడు జనం ట్రాయ్ వైపు చూసింది, ట్రాయ్ కదలనిది ఇందుకే. ఇంటర్నెట్ అక్కర్లేని వారికి కాల్స్, ఎస్ఎంఎస్‌లు మాత్రమే ఉన్న ప్యాక్ విడిగా ఇవ్వాలని ఆ ఏడాది డిసెంబర్‌లో ఆదేశించింది. ఇంట్లో పెద్దవాళ్ల బటన్ ఫోన్‌కు డేటా ప్యాక్ వేయించి విసిగినవారికి అది ఊరట.

ఇక అసలు చిక్కు నాణ్యత దగ్గర ఉంది. 2009 నిబంధనల్లో ట్రాయ్ పెట్టిన ఒక కొలత చూడండి. నెలలో 24 గంటలకు మించి మూగబోయే టవర్లు ఒక కంపెనీకి సర్కిల్ మొత్తంలో 2 శాతానికి మించకూడదు. కాగితం మీద ఇది కఠినంగానే కనిపిస్తుంది. లెక్క వేసి చూస్తే వేరేలా ఉంటుంది. ఒక సర్కిల్‌లో పది వేల టవర్లున్నాయనుకుంటే 2 శాతమంటే 200. ఆ 200 టవర్లూ ఒకే దీవిలో ఉన్నా సర్కిల్ పాసైనట్టే. బెంగాల్ మైదానంలో సిగ్నల్ బాగుంటే నికోబార్ మౌనం ఆ మార్కుల్లో కరిగిపోతుంది. సగటు లోతు నడుము దాకానే అని విని ఏట్లో దిగినవాడు మునిగిపోయినట్టుంటుంది ఈ వ్యవహారం.

ఈ లోపం ట్రాయ్‌కు తెలియనిది కాదు. కాల్ తెగిపోయే సమస్య విషయంలో సర్కిల్ సగటు లోపాన్ని దాచిపెడుతోందని గ్రహించి, 2017 అక్టోబర్ నుంచి పర్సెంటైల్ పద్ధతి తెచ్చింది. సగటున ఎలా ఉందని కాక, పదింట తొమ్మిది చోట్ల, పదింట తొమ్మిది రోజులు సరిగా ఉందా అని అడగడం మొదలుపెట్టింది. అంతకుముందు తెగిన ప్రతి కాల్‌కు రూపాయి చొప్పున, రోజుకు మూడు కాల్స్ వరకు చందాదారుడికి పరిహారం ఇవ్వాలని కూడా నిబంధన తెచ్చింది. 2016 మేలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ నిబంధన అసమంజసమని, పారదర్శకత లోపించిందని చెప్పింది. మంచి ఉద్దేశం ఒక్కటే చాలదు, లెక్క నిలబడాలి అన్నది ఆ తీర్పు నేర్పిన పాఠం.

2024 ఆగస్టులో వచ్చిన కొత్త నాణ్యత నిబంధనలు ఆ పాఠం నేర్చుకుని రాసినట్టున్నాయి. మొబైల్ సేవల పనితీరును మూడు నెలలకు కాక నెలనెలా లెక్కించాలి. ఎక్కడ ఏ తరం సిగ్నల్ అందుతోందో కంపెనీలు పటాల రూపంలో జనానికి చూపించాలి. జరిమానా లక్ష రూపాయల నుంచి పది లక్షల దాకా పెరగవచ్చు. గరాచర్మకు అన్నిటికంటే ముఖ్యమైంది మరొకటి. పెద్ద అంతరాయాన్ని జిల్లా ప్రాతిపదికన చూస్తారు. జిల్లాలో సేవలు నాలుగు గంటలకు మించి ఆగితే కంపెనీ ట్రాయ్‌కు తెలియజేయాలి. 24 గంటలు దాటితే పోస్ట్‌పెయిడ్ వారికి బిల్లులో తగ్గింపు, ప్రీపెయిడ్ వారికి గడువు పొడిగింపు ఇవ్వాలి. ప్రకృతి వైపరీత్యాలకు మినహాయింపు ఉంది. అండమాన్ నికోబార్‌లో ఉన్నవి మూడు జిల్లాలు. ఈ ఒక్క విషయంలోనైనా దక్షిణ అండమాన్ జిల్లా దక్షిణ అండమాన్‌గా లెక్కలోకి వస్తుంది.

ఈ హక్కు వాడుకోవాలంటే దారి తెలియాలి. విడి ఫిర్యాదులను ట్రాయ్ విచారించదు. చట్టం దానికి ఆ అధికారం ఇవ్వలేదు. 2012 నిబంధనల ప్రకారం ముందు కంపెనీ ఫిర్యాదు కేంద్రానికి చెప్పి నంబర్ తీసుకోవాలి. పరిష్కారం నచ్చకపోతే అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి వెళ్లాలి. కంపెనీ మీద కంపెనీకే అప్పీలా అని ముఖం చిట్లించేవారికి మరో తలుపు ఉంది. టెలికాం వివాదాలను కూడా వినియోగదారుల కమిషన్లు విచారించవచ్చని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయితే ఏ తలుపు తట్టినా ఫిర్యాదు నంబర్, తేదీ చేతిలో ఉండాలి.

ట్రాయ్ స్వతంత్రత మాటేమిటి? నియామకాలు కేంద్రానివి, నిధులు కేంద్రానివి, విధానపరమైన ఆదేశాలిచ్చే అధికారమూ కేంద్రానిదే. చైర్మన్ కుర్చీలో ఎక్కువగా కూర్చున్నది పదవీ విరమణ చేసిన ఉన్నతాధికారులే. 2022 సెప్టెంబర్‌లో విడుదలైన టెలికాం ముసాయిదా బిల్లు, లైసెన్సులకు ముందు ట్రాయ్‌ను అడగాలన్న నిబంధనలకే కత్తెర వేయబోయింది. విమర్శలొచ్చాక కేంద్రం వెనక్కి తగ్గింది. 2023 చట్టం ఆ నిబంధనల జోలికి పోలేదు. పైగా సుదీర్ఘ అనుభవమున్న ప్రైవేటు రంగ ప్రముఖులకూ ట్రాయ్ తలుపులు తెరిచింది. అడిగే హక్కు నిలిచింది కానీ వినాల్సిన బాధ్యత ఇంకా ఎవరి మీదా లేదు. బీఎస్ఎన్ఎల్ యజమాని కూడా ప్రభుత్వమే కాబట్టి ఆటగాడు, తీర్పరి పాత సమస్య పూర్తిగా పోయిందనీ చెప్పలేం.

ఇంతా చేసి గరాచర్మకు ట్రాయ్ నుంచి కావలసింది ఏమిటి? కేబుల్ వచ్చింది. కంపెనీలూ వచ్చాయి. నిబంధనలు పదునెక్కాయి. ఇంకా మారనిది సర్కిల్ గీత. రాష్ట్రం 2014లో రెండైనా టెలికాం పటంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇప్పటికీ ఒకే సర్కిల్. అక్కడ కోట్లమంది చందాదారులున్నారు కాబట్టి రెండు రాష్ట్రాల గొంతూ వినిపిస్తుంది. నాలుగు లక్షల జనాభా కూడా లేని దీవుల గొంతు (2011 జనగణన ప్రకారం 3.8 లక్షలు) బెంగాల్, సిక్కిం అంకెల కింద పడి వినిపించదు. లైసెన్సుల గీతలు చెరపడం పెద్ద పని. వేలంలో కోట్లు పోసి కొన్న స్పెక్ట్రం ఆ గీతలకే కట్టుబడి ఉంది. కానీ నాణ్యత నివేదికలో దీవుల అంకెలను విడిగా చూపించడానికి చట్టం మార్చనక్కర్లేదు, మంత్రివర్గం కూర్చోనక్కర్లేదు, సముద్రంలో కేబుల్ వేయనక్కర్లేదు. అది ట్రాయ్ సొంత గంపలోని పని. సమాచారం ఇవ్వమని కంపెనీలను అడిగే అధికారం దానికి మొదటి రోజు నుంచీ ఉంది.

నివేదికలో ఇంకో గడి గీస్తే చాలు. ఆ గడిలోని అంకె బాగున్నా, బాగోకపోయినా అది బెంగాల్‌ది కాదు, అండమాన్‌ది అవుతుంది.